కింద ఎవరూ లేరు

మొఘల్‌పురాలో మా గల్లీ మొదట్లో నా గాజుల కొట్టు ఉంది. సరిగ్గా ఎదురుగా వైకుంఠం సేటు స్టీలు సామాన్ల దుకాణం. పొద్దున షట్టర్లు ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి దించేదాకా మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుంటాం. ఆయన దుకాణానికి ఎవరొచ్చారో, ఏమీ కొనకుండా ఎవరు పోయారో నాకు తెలుసు. నా కొట్టుకు ఎవరొచ్చారో ఆయనకు తెలియదు. ఆయన ఫోన్లో యోగాసనాలు చూస్తుంటాడు. ఆయన వేసింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మాణిక్యమ్మ ముచ్చట్లు మోస్తుందని గల్లీలో నాకు పేరు. నేను మోయకపోతే ఇక్కడ సగం పెళ్ళిళ్ళు కుదిరేవి కావు. మిగతా సగం చెడేవి కావు.

ఈ ఎండాకాలం వైకుంఠం సేటుకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు అరుదు కాబట్టి గల్లీ అంతా ఆసక్తిగా చూసింది. దుకాణం పైన ఆయన గోదాము ఉంది. దానికి దారి బయటి మెట్లే. బిందె కావాలన్నా, బకెట్ కావాలన్నా ఎండలో చుట్టు తిరిగి ఎక్కాలి. దుకాణం మధ్యలో స్లాబ్ కోయించి, లోపలినుంచే ఇనుప మెట్లు వేయించుకుంటే మోకాళ్ళకు సుఖం అనుకున్నాడు.

ఇలాంటి పనికి మామూలుగా ఒకే కంట్రాక్టర్‌ను పెట్టుకుంటారు. కోసేది అతనే, ఇనుము బిగించేదీ అతనే. వైకుంఠం సేటు బేరాలు ఆడి ఆడి, కోతకు ఒకరిని, ఇనుముకు ఇంకొకరిని కుదిర్చాడు. ఇనుప పనికి ధూల్‌పేట్ నుంచి భిక్షపతి వచ్చాడు. అతను పండగ ముందు వినాయకుల బొమ్మల లోపలి చట్రాలు వెల్డింగ్ చేస్తాడు, మిగతా రోజుల్లో దొరికిన పని చేస్తాడు. మెట్లకు కూడా బొజ్జ పెడతాడేమో చూసుకో సేటూ అని నేను ముందే చెప్పాను.

కోతకు జహంగీర్‌ను పెట్టుకున్నాడు. అక్కడే గల్లీ నోళ్ళు మూతపడ్డాయి.

జహంగీర్ మా వెనక గల్లీ పిల్లవాడే. నన్ను ఖాలా అంటాడు, మనం పిన్నీ అన్నట్టు. పని బాగా తెలిసినవాడు. కానీ పోయిన ఏడు నుంచి అతన్ని ఎవరూ పిలవడం లేదు. అప్పటిదాకా అతనూ, వాళ్ళ చెల్లెలు రహీమా భర్త సాకిబ్, ఇద్దరూ కలిసి పనికి పోయేవారు. జహంగీర్ పైన మిషన్ పట్టేవాడు, సాకిబ్ కింద ఉండేవాడు. ఒక పాత ఇంట్లో స్లాబ్ కోస్తుంటే ముక్క ఊడి సాకిబ్ మీద పడింది. చీకటి పడకముందే ప్రాణం పోయింది.

ఈ పనిలో వాళ్ళకొక పద్ధతి ఉంది. కట్టర్ మిషన్ మోతలో మాట వినబడదు కదా. అందుకని పైనున్నవాడు చివరి కోత పెట్టే ముందు సుత్తితో స్లాబ్ మీద రెండు దెబ్బలు కొడతాడు. కింద ఎవరైనా ఉన్నారా అని అడగడం అన్నమాట. కిందివాడు పక్కకు జరిగి, జాకీ మీద, అంటే స్లాబ్‌కు ఆసరాగా నిలబెట్టే ఇనుప పైపు మీద, మూడు దెబ్బలు కొడతాడు. కింద ఎవరూ లేరు, కానివ్వు అని. ఆగమని చెప్పాలంటే ఆపకుండా కొడుతూ ఉండాలి. ఇదంతా నాకెలా తెలుసంటే, అడిగాను.

ఆ రోజు మూడు దెబ్బలు వినబడ్డాకే కోశానని జహంగీర్ అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. స్లాబ్ కింద నిలబడ్డ మనిషి, కింద ఎవరూ లేరని ఎందుకు కొడతాడు? తొందరపడి కోసేసి, ఇప్పుడు చచ్చినవాడి మీదికి నెడుతున్నాడని అన్నారు. రహీమా అన్న మొహం మీద తలుపు వేసింది. మళ్ళీ తీయలేదు. రంజాన్‌కు అతను పంపిన షీర్‌ఖుర్మా పాయసం గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చింది. ఆ గిన్నె మా కొట్టు ముందునుంచే పోయింది, నేను చూశాను.

పని మొదలైన రోజు భిక్షపతి కింద, జహంగీర్ పైన. ముక్కను గొలుసు కప్పీతో మెల్లగా దించాలన్నాడు జహంగీర్. కప్పీ కిరాయికి తేవాలి కాబట్టి వైకుంఠం సేటుకు ఇసుక బస్తాలు గుర్తొచ్చాయి.

"కింద బస్తాలు పరుస్త. దాని మీద పడేస్తే అయిపాయె. గంత లొల్లి ఎందుకు?"

"సేట్, ముక్క మస్తు బరువుంటది," అన్నాడు జహంగీర్.

"బస్తాలు గూడ మస్తు బరువున్నయి. ఫికర్ జెయ్యకు."

స్లాబ్‌లో కరెంటు వైర్లు ఉన్నాయని దుకాణంలో లైన్ తీసేశారు. పైన పక్కింటి నుంచి వైరు లాగి మిషన్ నడిపారు. రోజంతా ఆ మోత. నా కొట్టులో గాజుల స్టాండ్లన్నీ సన్నగా వణుకుతూనే ఉన్నాయి. గల్లీలో తడి సిమెంటు వాసన, కాలిన ఇనుము వాసన. షట్టర్ కిందినుంచి బూడిదరంగు నీళ్ళు మోరీలోకి పారుతున్నాయి. సాయంత్రానికి మూడు వైపులా కోత అయింది. నాలుగో వైపు మిగిలింది.

నమాజు వేళ మిషన్ ఆగింది. అప్పటిదాకా మోతకు అలవాటుపడ్డ చెవులు ఒక్కసారిగా గుయ్యిమన్నాయి. భిక్షపతి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి షట్టర్ సగం దించాడు.

"జహంగీర్ భాయ్! చాయ్ తాగొస్త. నేనొచ్చెదాంక కొయ్యకు!" అని పైకి అరిచి హోటల్ వైపు పోయాడు. పైనుంచి జవాబు రాలేదు. వైకుంఠం సేటు మూలమీద ఎవరికో తన మెట్ల గురించి వర్ణిస్తున్నాడు, ఇంకా వేయని మెట్ల గురించి.

నేను ఇటూ అటూ చూశాను. ఎవరూ లేరు. వంగి షట్టర్ కిందినుంచి లోపలికి దూరాను. తప్పేముంది? ఎంత పెద్ద బొక్క పెట్టారో నేను చూడకపోతే, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

లోపల చల్లగా ఉంది. బయట అంత ఉక్కగా ఉంటే, లోపల చన్నీళ్ళు చల్లినట్టు ఉంది. దుకాణం రైలు డబ్బాలాగా పొడుగు. రెండు వైపులా అరలు, అరల నిండా గోనెపట్టాలు కప్పిన గిన్నెలు. మధ్యలో ఇసుక బస్తాలు పరిచి ఉన్నాయి. వాటి అంచుల మీదుగా జారిపోకుండా నడిచి వెనక వైపుకు పోయాను. అక్కడ, కోతకు అవతల, ఒక్క జాకీ మిగిలి ఉంది. దాన్ని పట్టుకుని తలెత్తి చూశాను.

కప్పు మీద మూడు వెలుతురు గీతలు. పై గదిలో బల్బు కాంతి ఆ సందుల్లోంచి సన్నగా దిగుతోంది. పలకకు చుట్టూ గీత గీసినట్టు... ఒక వైపు మాత్రం గీయడం మరిచిపోయినట్టు.

టప్... టప్... అని నీళ్ళు బస్తాల మీద పడుతున్నాయి.

పైన అడుగుల చప్పుడు వినబడింది. జహంగీర్ నమాజు ముగించి వచ్చినట్టున్నాడు. భిక్షపతి అరిచింది అతను వినలేదని నాకు అప్పుడు తట్టింది. తట్టిన వెంటనే స్లాబ్ మీద సుత్తి దెబ్బలు పడ్డాయి.

ధన్. ధన్.

కింద ఎవరైనా ఉన్నారా?

నేనున్నా అని అరవడానికి నోరు తెరిచాను. ఇన్నేళ్ళలో నాకంటే ముందు ఇంకొకరు జవాబిచ్చింది అదొక్కసారే.

ఠంగ్. ఠంగ్... టిక్.

నా చేతిలో ఉన్న జాకీ మీదే. మొదటి రెండు గట్టిగా, మూడోది గోటితో కొట్టినట్టు మెల్లగా. ఇనుము అదిరి నా అరచేయి జిల్లుమంది. పైపు మీదున్న నీటి బొట్లు ఎగిరిపడ్డాయి. నేను చూస్తూనే ఉన్నాను. కొట్టిన చెయ్యి మాత్రం లేదు.

పైన మిషన్ మొదలైంది.

అరిచాను. నా గొంతు చార్మినార్ దాకా వినబడుతుందని గల్లీవాళ్ళు అంటారు. ఆ మోతలో నాకే వినబడలేదు. బూడిదనీళ్ళు నాలుగో వైపునుంచి ధారగా దిగడం మొదలైంది. షట్టర్ వైపు పోవాలంటే ఆ ముక్క కిందినుంచే పోవాలి. చెయ్యి చాపితే ఏదో గరిటె దొరికింది, పెళ్ళిళ్ళలో పప్పు కలిపే పెద్ద గరిటె. దానితో జాకీని బాదాను. ఆపకుండా... ఆపకుండా...

నా దెబ్బల మధ్యలో ఇంకెవరో కొడుతున్నారు.

ఠంగ్. ఠంగ్... టిక్. మళ్ళీ అదే. నేను ఆగమంటున్నా. అది కానివ్వు అంటోంది.

మిషన్ ఆగింది.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. కోసిన సందు దగ్గర జహంగీర్ నీడ వంగింది.

"కింద ఎవరు?" గుసగుసగా అడిగాడు.

"నేనే... మాణిక్యమ్మని."

"ఖాలా? నువ్వేంది ఈడ? భిక్షపతన్న ఏడి?"

"చాయ్‌కి పోయిండు."

"మరి మూడు దెబ్బలు ఎవరు కొట్టిన్రు? నువ్వా?"

"నేను కొట్టలే బిడ్డా."



"నీ పక్కన ఎవరున్నరు?"

పక్కకు చూడాలనిపించలేదు. "ఎవరూ లేరు," అన్నాను.

ఠంగ్. ఠంగ్... టిక్.

ఈసారి జాకీ మీద కాదు. అరలో ఉన్న గిన్నెల మీద. కొంచెం దగ్గరగా. ఎందుకు ఆపావు అని విసుక్కుంటున్నట్టు.

పైన జహంగీర్ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "విన్నవా ఖాలా? విన్నవా? గా రోజు గూడ గిట్లనే... ఆఖరుది మెల్లగ... సాకిబ్ ఎన్నడు గట్ల కొట్టకపోయేది. నేను గిదే జెప్పిన. అందరికి గిదే జెప్పిన."

"విన్న. ముందు నన్ను బయటికి రానియ్యి."

"రా. నేను మిషన్ దూరం పెట్టిన. రా ఖాలా, జల్ది. అది కొడితే మాత్రం జవాబియ్యకు."

కదిలాను. గరిటె చేతిలోనే ఉంది. ముక్క కింద అడుగుపెట్టేసరికి చల్లదనం మోకాళ్ళ దాకా వచ్చింది. బస్తాల మీద, సరిగ్గా మధ్యలో, గుంట పడి ఉంది. ఎవరో కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే పడే గుంట. నేను చూస్తుండగా ఆ గుంట మెల్లగా నిండింది. లేచినట్టు.

తర్వాత నా చేతిలోని గరిటె మీద దెబ్బ పడింది.

ఒకటి. రెండు.

మూడోది... చాలా మెల్లగా.

ఎలా బయటపడ్డానో తెలియదు. షట్టర్ తగిలి వీపు గీసుకుపోయింది. మోరీ పక్కన బోర్లా పడ్డాను. వెనక నేల అదిరింది. గల్లీ మొత్తం దుమ్ము. అరల్లో గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి పడుతూనే ఉన్నాయి.

మిషన్ అప్పటికి ఆగే ఉంది. ముక్క దానంతటదే ఊడింది, ఎవరూ కోయలేదు.

వైకుంఠం సేటు పరుగెత్తుకొచ్చాడు. దుమ్ములో నన్ను చూశాడు, దుకాణాన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"మాణిక్యమ్మా, గా గరిటె మనదే గదా?"

అంతకంటే మంచి పరామర్శ ఆయన్నుంచి నేనూ ఆశించలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. ఇన్నేళ్ళూ నేనెంత కలిపి చెప్పినా నోళ్ళు తెరుచుకుని విన్నవాళ్ళు, కలపకుండా చెప్పిన రోజు నమ్మలేదు. భిక్షపతి ఎలుకలన్నాడు. గరిటె కొట్టే ఎలుకలు ధూల్‌పేట్‌లో ఉంటాయేమో. వైకుంఠం సేటు గ్యాస్ ట్రబుల్ అన్నాడు, నాకు. మెట్లు మాత్రం బిగించారు. ఆయన వాటిని వాడడు. ఎండలో బయటి మెట్లే ఎక్కుతున్నాడు, ఆరోగ్యానికి మంచిదట.

ముక్క పడ్డ మర్నాడు జహంగీర్ నా కొట్టు ముందు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఖాలా, రహీమాకు జెప్పవా? నువ్వు విన్నవని. ఒక్క మాట."

"నా మాట ఎవరు నమ్ముతున్నరు బిడ్డా?"

"నమ్మకపోయినా మంచిదే. నేను అబద్ధమాడలేదని ఇంకొకరి నోట దాని చెవిన పడితే చాలు. నాకున్నది అదొక్కతే చెల్లెలు."

ఆ సాయంత్రమే పోయాను. రహీమా వెనక గల్లీలో ఒంటి గదిలో ఉంటుంది. పైన డాబా, అంతే. జరీ పని చేసుకుంటూ మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి సూది ఆపలేదు.

"భయ్యా పంపిండా?"

"పంపిండు. కని నేను విన్నది నేను జెప్తున్న."

పక్కన కూర్చుని మొదట్నుంచి చెప్పాను. సూది మెల్లగా ఆగిపోయింది. జహంగీర్ ఏడ్చిన చోట దాన్ని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. 

"ఎట్ల కొట్టింది ఖాలా?"

మంచం పట్టె మీద వేలితో కొట్టి చూపించాను. రెండు గట్టిగా. ఒకటి మెల్లగా.

"సాకిబ్ మూడు ఒక్కతీరుగనే కొట్టేటోడు," అంది. "నాకు నేర్పిండు. వంటకాడ ఉన్నప్పుడు బయటికెల్లి రెండు కొడుతుండె. నేను పట్టుకారుతోని మూడు కొట్టాలె. గదొక ఆట." ఆమె మొహం మీదికి సన్నని నవ్వు వచ్చింది. "ఇప్పటికీ కొడుతడు ఖాలా. రోజు గిదే యాళకు. పైనుంచి రెండు. నేను మూడు కొడుత. నా తోడుకు ఇంకేముంది?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏదో చుక్క నా చేతి మీద పడింది. తుడుచుకుంటే బూడిదరంగు.

తలెత్తి చూశాను.

మంచానికి సరిగ్గా పైన, కప్పుకు తడి గీత ఉంది. మేస్త్రీలు నీలిదారం కొట్టి గీసినంత తిన్నగా. అటునుంచి మలుపు తిరిగి ఇంకో గీత. అటునుంచి ఇంకోటి. మంచమంత ముక్క.

నాలుగో వైపు ఇంకా లేదు.

"వానకు ఉరుస్తది," అంది రహీమా, నా చూపు చూసి.

"వానేడున్నది బిడ్డా? రోహిణి ఎండలు."

ధన్. ధన్.

పైనుంచి. మెల్లగా, మర్యాదగా.

రహీమా చెయ్యి అలవాటుగా మంచం పక్కనున్న పట్టుకారు మీదికి పోయింది. ఆ చేతిని రెండు చేతులా పట్టుకున్నాను. నా గాజులు రెండు చిట్లి మా ఇద్దరి చేతులూ గీసుకుపోయాయి. ఆమె నా మొహం చూసింది. నేనిప్పుడే చెప్పిందంతా ఆమె కళ్ళలోకి ఒక్కొక్కటిగా దిగడం కనబడింది. పైనుంచి రెండు అంటే ఏమిటి. కిందినుంచి మూడు అంటే ఏమిటి.

పట్టుకారు కదల్లేదు. 

ధన్. ధన్. మళ్ళీ అడిగింది.

మేము జవాబివ్వలేదు.

అప్పుడు, మేం కూర్చున్న మంచం కిందినుంచి...

ఠంగ్. ఠంగ్...

మూడోది వినడానికి మేం ఆగలేదు. చెప్పులు కూడా వదిలేసి గల్లీలో పడ్డాం. రహీమా ఎవరినీ చూడకుండా నేరుగా వాళ్ళన్న గుమ్మం దాకా పరుగెత్తి, తలుపు రెండు చేతులతో బాదుతూ, "భయ్యా! భయ్యా!" అని అరిచింది. అతను తలుపు తీసి నిలబడ్డాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను చెప్పను. అది నేను దాచుకున్న ఒకే ఒక్క ముచ్చట.

జహంగీర్ పోయి ఆ డాబా ఎక్కి చూశాడు. పైన కోత లేదు, గీత లేదు, తడి కూడా లేదు. ఉన్నదంతా లోపలి వైపే. ఇంటి ఓనరు దాని మీద సున్నం కొట్టించి, కొత్తవాళ్ళకు చూపిస్తున్నాడు. గాలీ వెలుతురూ బాగా వస్తాయంటున్నాడు.

రహీమా ఇప్పుడు నా కొట్టు వెనక గదిలో నాతోనే ఉంటోంది. జరీ పని చేస్తూ నాకంటే ఎక్కువ ముచ్చట్లు నేర్చుకుంది. జుమ్మా రోజు, అంటే శుక్రవారం, జహంగీర్ ఉస్మానియా బిస్కెట్లు పట్టుకుని వస్తాడు. అన్నాచెల్లెళ్ళు ఒకే సాసరులో చాయ్ తాగుతారు. చూడడానికి బాగుంటుంది.

మొన్న జుమ్మాకు కూడా వచ్చాడు. గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, కప్పు మీద అరచేయి పెట్టి ఒక వైపునుంచి ఇంకో వైపుకు మెల్లగా నిమిరాడు. ఒకచోట చెయ్యి ఆగింది. దిగి, అరచేయి ప్యాంటుకు తుడుచుకున్నాడు. చాయ్ తాగలేదు. నా మంచాన్ని కొంచెం పక్కకు జరిపి వెళ్ళిపోయాడు.

ఎందుకని నేను అడగలేదు. ఈ మొఘల్‌పురాలో నేను అడగని ప్రశ్న అదొక్కటే.